కరువు నేలలో తేలే బండి

తాగునీటికే ఏడాది పొడవునా ఎదురుచూసే అనంతపురం ప్రాంతంలో నీటి మీద తేలుతూ పోయే బండితో పనేమిటి, ఎవరో ఎక్కడో వాడి పక్కన పెట్టిన ఆరు చక్రాల ఉభయచర వాహనాన్ని తక్కువ ధరకు తెచ్చి బాగుచేయించుకుంటే అది ఈ నేల మీద ఎన్నాళ్లు నిలుస్తుంది అనే ప్రశ్న మొదట వింతగానే తోస్తుంది. ఈ పీఠభూమి మీద ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే అయినా, అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొద్ది రోజుల్లోనే కుమ్మరించినట్టు పడుతుంది. ఎండి గట్టిపడిన ఎర్రనేల ఆ నీటిని ఇముడ్చుకోలేక వంకలకు వదిలేస్తుంది, పై చెరువు మరువ పారితే కింది చెరువు నిండుతుంది, ఒక కట్టకు గండి పడితే దాని దిగువన ఉన్న కట్టలన్నిటికీ ముప్పు వస్తుంది. కరువు సీమలో వరద రాదన్న నమ్మకమే ఇక్కడి వరదను మరింత ప్రమాదకరం చేస్తున్నది.

2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి నది పొంగినప్పుడు, కారులో చిక్కుకున్నవారిని బయటికి తెచ్చేందుకు వెళ్లిన జేసీబీ కూడా నీటి మధ్యలో నిలిచిపోగా, దాని మీదికెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడిన పదిమందిని భారత వైమానిక దళానికి చెందిన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి కాపాడింది. మరుసటి ఏడాది అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం నగరంలోని కాలనీలే మునిగిపోయాయి. రబ్బరు పడవలు ఉండే జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం 10వ బెటాలియన్ గన్నవరం దగ్గరి కొండపావులూరులో ఉన్నది, అక్కడి నుంచి అనంతపురం రావటానికి రాష్ట్రాన్ని అడ్డంగా దాటాలి. నేల మీద నడిచివచ్చి, అదే ఊపున నీటిలో దిగి, బురద ఒడ్డును ఎక్కి ఇవతలికి రాగల వాహనం మండల కేంద్రంలో ఉంటే మేలన్న ఆలోచన ఇలాంటి అనుభవాల నుంచే పుడుతుంది. 2025 ఆగస్టులో పంజాబ్‌లోని అమృత్‌సర్ జిల్లా వరదల్లో భారత సైన్యం నాలుగు భారీ చక్రాల ‘ఆటోర్ ఎన్1200’ ఉభయచర వాహనాన్ని దించి జనాన్ని ఒడ్డుకు చేర్చటంతో ఈ ఆలోచన ఊహగా మిగలలేదు. ఈ అధ్యాయంలో చూడబోయేది దానికన్నా చాలా చిన్నదైన, పల్లెటూరి మెకానిక్ షెడ్డులో విప్పి బిగించటానికి వీలైన ఆరు చక్రాల బండిని. దాన్ని ఈ నేల మీద పాడుచేసేది నీటికన్నా ఎక్కువగా ఎండ, దుమ్ము, కదలకుండా గడిచిపోయే నెలలు అన్న సంగతిని కారణాలతో సహా వివరించటమే ఇక్కడి పని.

తేలటం వెనుక, దిగబడకపోవటం వెనుక

ఈ జాతి వాహనాల చరిత్ర 1960ల మొదట్లో కెనడాలో జిగర్ అనే చిన్న బండితో మొదలైంది. అదే దేశంలో ఒంటారియో రాష్ట్రంలోని న్యూ హాంబర్గ్ ఊరికి చెందిన ఒంటారియో డ్రైవ్ అండ్ గేర్ సంస్థ 1967లో ‘ఆర్గో’ను అమ్మకానికి తెచ్చింది, అమెరికాలో బఫెలో నగరంలోని సంస్థ ‘మాక్స్’ పేరుతో మరో వరసను తయారుచేసింది. మంచు, చిత్తడి, చిన్న సరస్సులు నిండిన చలిదేశంలో వేటకూ అడవి పనులకూ తిరిగేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ బండ్లు పుట్టాయన్నది గుర్తుంచుకోవలసిన విషయం, ఎందుకంటే వాటి ప్లాస్టిక్కునూ రబ్బరునూ గ్రీజునూ ఎంచినవారి మనసులో 42 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద నిలబడే బండి లేదు.

దీని శరీరం అతుకులు లేని ఒకే ప్లాస్టిక్ తొట్టి. ఇంజను, గేరుపెట్టె, చైన్లు, పెట్రోలు ట్యాంకు, మనుషులు అందరూ అన్నీ ఆ తొట్టిలోనే ఉంటాయి. తొట్టి పక్క గోడలకు వైపుకు మూడు చొప్పున ఆరు రంధ్రాలు ఉండి, వాటి గుండా ఆరు ఇరుసులు బయటికి వచ్చి చక్రాలను మోస్తాయి. కారుకు ఉండే స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ దీనిలో సాధారణంగా ఉండవు, మెత్తటి పెద్ద టైర్లే ఆ పని చేస్తాయి.

ఇక తేలటం సంగతి. నీటిలో దిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు నెడుతుందో అంత నీటి బరువుకు సమానమైన బలం దాన్ని పైకి ఎత్తుతుందని ఆర్కిమెడిస్ చెప్పాడు. దీన్ని తేలుడు బలం అనుకుంటే, ఇద్దరు మనుషులతో కలిపి 600 కిలోలు తూగే బండి తేలటానికి 600 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. ఇక్కడ చాలామంది ఊహించని సంగతి ఏమిటంటే, ఆ పనిలో దాదాపు సగం టైర్లు చేస్తాయి. 22 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు ఉన్న ఒక్కో టైరు పూర్తిగా మునిగితే సుమారు 50 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది, ఆరూ కలిస్తే 300 లీటర్లు. మిగిలిన 300 లీటర్ల కోసం, రెండు చదరపు మీటర్ల అడుగు ఉన్న తొట్టి 15 సెంటీమీటర్లు మునిగితే చాలు. ఒక టైరుకు ముల్లు దిగి గాలి పోతే నేల మీద అది కేవలం అసౌకర్యం, నీటిలో మాత్రం అది ఒక మూలన 50 లీటర్ల లోటు, బండి ఆ మూలకు ఒరగటానికి అదే కారణం.

టైర్లలో గాలి ఒత్తిడి చాలా తక్కువగా, 2 నుంచి 5 పి.ఎస్.ఐ. వరకే ఉంచుతారు. మెత్తటి టైరు నేల మీద పరుచుకునే తీరు వల్ల దాని లోపలి గాలి ఒత్తిడి ఎంతో నేల మీద పడే ఒత్తిడి కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, 3 పి.ఎస్.ఐ. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 200 గ్రాములు. 65 కిలోల మనిషి నడిచేటప్పుడు ఒంటి పాదం మీద బరువంతా పడే క్షణంలో చదరపు సెంటీమీటరుకు 300 గ్రాములకు పైగా మోపుతాడు కాబట్టి, మనిషి కాలు దిగబడే చోట కూడా ఈ బండి దిగబడకుండా పోగలదు. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి వానకు బంకగా మారినప్పుడూ, హగరి నది ఒడ్డున బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో గాలికి పొలాల మీదికి కదిలివచ్చే ఇసుక దిబ్బల మీదా ఈ గుణమే ఉపయోగపడుతుంది. ఈ జిల్లాలో బండికి నీటికన్నా ఎక్కువ పని దొరికేది ఆ ఇసుక మీదనే కావచ్చు.

దాపటెద్దు, వలపటెద్దు

ఈ బండికి ముందు చక్రాలు పక్కకు తిరగవు, ఆరు చక్రాలూ ఎప్పుడూ నేరుగానే ఉంటాయి. మరి మలుపు ఎలా తిరుగుతుంది? గుంటక తోలే రైతు గెనెం దగ్గర ఏం చేస్తాడో చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. ఎడమకు తిరగవలసి వస్తే దాపటెద్దును ఆపి పట్టి వలపటెద్దును అదిలిస్తాడు. దాపటెద్దు నిలిచిన చోటే నిలిచి కొద్దిగా తిరుగుతుంది, వలపటెద్దు దాని చుట్టూ అర్ధచంద్రాకారంలో నడుస్తుంది, కాడి మొత్తం ఎడమకు మళ్లుతుంది. దాపటి వైపును పూర్తిగా ఆపకుండా కాస్త నెమ్మదింపజేస్తే మలుపు పెద్దదవుతుంది, ఆపితే చిన్నదవుతుంది. ఆరు చక్రాల బండిలో ఎడమ వైపు మూడు చక్రాలు కలిసి ఒక ఎద్దు, కుడి వైపు మూడు కలిసి మరో ఎద్దు. అయితే ఎద్దు కాలెత్తి వేస్తుంది, చక్రం ఎత్తలేదు. అందుచేత మలుపులో ముందు, వెనుక చక్రాలు నేలను రాసుకుంటూ పక్కకు జారక తప్పదు. దీన్ని జారుడు మలుపు అనవచ్చు, ఇంగ్లీషులో స్కిడ్ స్టీరింగ్ అంటారు. ఇసుకలోనూ బురదలోనూ ఈ జారటం సులువు, గట్టి మొరం మీదా సిమెంటు రోడ్డు మీదా అది టైర్లను అరగదీసి, చైన్ల మీదా ఇరుసుల మీదా విపరీతమైన భారం మోపుతుంది. అనంతపురం నేలలో మొరం ఎక్కువ కాబట్టి, నిలిచిన చోటే గిర్రున తిప్పే అలవాటు డ్రైవరుకు ఉంటే ఎంత బాగుచేసిన బండైనా మళ్లీ షెడ్డుకు చేరుతుంది.

ఒక వైపును నెమ్మదింపజేసే పనిని గేరుపెట్టె రెండు రకాలుగా చేస్తుంది. ఆర్గో తరహా బండ్లలో డిఫరెన్షియల్ అనే పళ్ల చక్రాల కూర్పు ఉంటుంది: ఒక వైపు బ్రేకు పడి ఆగితే, ఆ వైపుకు పోవలసిన తిరుగుడు కూడా రెండో వైపుకు చేరి అది రెట్టింపు వేగంతో తిరుగుతుంది, అందువల్ల మలుపులో బండి ఊపందుకున్నట్టు అనిపిస్తుంది. మాక్స్ తరహాలో రెండు లీవర్లు ఉంటాయి. ఒకదాన్ని కొంచెం లాగితే ఆ వైపుకు శక్తి అందటం ఆగుతుంది, ఇంకా లాగితే బ్రేకు పట్టీ బిగుసుకుంటుంది. పాత బండిని కొనేవారు ముందుగా తెలుసుకోవలసింది ఏ తరహా గేరుపెట్టె అన్నదే, ఎందుకంటే మొదటిదానిలో అరిగేవి బ్రేకు ప్యాడ్లు, రెండోదానిలో సర్దుబాటు తప్పేవి పట్టీలు. ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్య వాలు బిళ్లల నడుమ నడిచే రబ్బరు బెల్టు ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ బిళ్లలు దగ్గరై బెల్టును అంచుకు నెట్టటంతో గేరు దానంతటదే మారుతుంది. ఆ బెల్టు తడిసినా, దాని మీద గ్రీజు పడినా జారిపోతుంది.

ఎండ ఎలా తింటుంది

చలిదేశపు బండి ఇక్కడ ఎదుర్కొనే మొదటి శత్రువు వెలుతురే. తొట్టిని చేసే ప్లాస్టిక్కు, ముఖ్యంగా హెచ్.డి.పి.ఇ. అని పిలిచే గట్టి పాలిథీన్, వేలకొద్దీ అణువులు గొలుసుకట్టుగా చేరిన పదార్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ గొలుసులను తెంపుతాయి, తెగిన కొసలకు గాలిలోని ఆక్సిజన్ చేరి మళ్లీ అతకకుండా చేస్తుంది. పై పొర తెల్లగా సున్నం రాలినట్టు అవుతుంది, వంచితే సన్నటి బీటలు కనిపిస్తాయి. బిందుసేద్యపు గొట్టాలు నల్లగా ఉండటానికి కారణం కూడా ఇదే. వాటిలో కలిపిన మసి ఆ కిరణాలను తానే పీల్చుకుని గొలుసులను కాపాడుతుంది. అందువల్ల రంగు రంగుల తొట్టి కన్నా నల్ల తొట్టి ఈ నేల మీద ఎక్కువ కాలం నిలిచే అవకాశం ఉంది, ఏ రంగైనా మందపాటి గుడ్డ కప్పటం మాత్రం తప్పనిసరి.

రెండోది రబ్బరు. ఇరుసు తొట్టి గోడను దాటే ప్రతి రంధ్రం దగ్గరా ఆయిల్ సీల్ అనే రబ్బరు కట్టు ఉంటుంది, దాని పల్చటి పెదవి ఇరుసును చుట్టూ ఆనుకుని నీటిని లోపలికి రానివ్వదు. బండి తేలటమనేది చివరికి ఈ ఆరు పెదవుల మెత్తదనం మీద ఆధారపడి ఉన్నది. రబ్బరుకు మెత్తదనం ఇచ్చే నూనెలు వేడికి మెల్లగా ఆవిరైపోతాయి. వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ రబ్బరు ముసలితనం ఇంచుమించు రెట్టింపు వేగంతో వస్తుందని సాధారణంగా లెక్కవేస్తారు. తిరుగుతూ ఉండే ఇరుసు పెదవికి గ్రీజు అందిస్తూ ఉంటుంది, నెలల తరబడి నిలిచిపోయిన ఇరుసు మీద పెదవి ఎండి అతుక్కుపోతుంది, తర్వాత ఒక్కసారిగా కదిలించినప్పుడు చిరిగిపోతుంది.

మూడోది దుమ్ము, ఇది అన్నిటికన్నా మొండిది. అనంతపురం పీఠభూమి చాలాభాగం అతి ప్రాచీనమైన గ్రానైటు, నైస్ శిలల మీద ఉన్నది. ఆ శిలలు శిథిలమై ఎర్రమట్టి అయినప్పుడు వాటిలోని మిగతా ఖనిజాలు బంకమట్టిగా మారినా, స్ఫటికం అనే క్వార్ట్జ్ మాత్రం మారకుండా సన్నటి రేణువులుగా మిగిలిపోతుంది. కాఠిన్యపు కొలతలో దానికి 7 అంకె, మామూలు ఉక్కుకన్నా అది గట్టిది. చూసేవారు రబ్బరు అరుగుతుందనీ ఉక్కు నిలుస్తుందనీ అనుకుంటారు, జరిగేది చాలాసార్లు దానికి తలకిందులు: స్ఫటిక రేణువు మెత్తటి రబ్బరు పెదవిలో దిగబడి కదలకుండా ఉండిపోతుంది, తిరిగే ఉక్కు ఇరుసు దానికి రాసుకుని తన చుట్టూ సన్నటి గాడి తవ్వుకుంటుంది. అలాంటి గాడి పడిన ఇరుసుకు కొత్త సీలు వేసినా నీరు ఆగదు. పాత బండ్ల విషయంలో సీళ్లు మార్చినా లీకు పోలేదన్న ఫిర్యాదుకు కారణం ఎక్కువగా ఇదే.

పెట్రోలు కూడా నిలవుంటే పాడవుతుంది. దానిలోని తేలిక భాగాలు ఆవిరైపోగా మిగిలినవి బంకగా మారి కార్బురేటర్‌లోని సన్నటి రంధ్రాలను మూసేస్తాయి. ఇప్పుడు దేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత కాలపు రబ్బరు పెట్రోలు గొట్టాలను ఉబ్బించి మెత్తబరుస్తుంది. కాబట్టి దశాబ్దాల కిందటి బండి చేతికి వచ్చిన రోజునే పాత గొట్టాలన్నీ తీసి, ఇథనాలును తట్టుకునేవి వేయించటం మంచిది. తొట్టి మూసినట్టుగా ఉండి ఇంజను లోపలే ఉన్న బండిలో పెట్రోలు కారితే ఆ ఆవిరి బయటికి పోయే దారి ఉండదు.

విప్పి చూడటం

బాగుచేయటం మొదలయ్యేది కడగటంతో. పై మూత, సీట్లు, అడుగు పలకలు తీసి తొట్టి అడుగున పేరుకున్న మట్టీ నూనే కలిసిన ముద్దను గోకి తీసిన తర్వాతే బీటలు కంటికి కనిపిస్తాయి. ఇంజనునూ గేరుపెట్టెనూ బయట పెట్టాక తొట్టి ఏ ప్లాస్టిక్కుతో చేసిందో తేల్చుకోవాలి. అంచు నుంచి గోరంత ముక్క కోసి గ్లాసు నీటిలో వేస్తే తేలేది పాలిథీన్, మునిగేది ఎ.బి.ఎస్. కావచ్చు, రెండోది అసిటోన్ తగిలితే మెత్తబడుతుంది. ఈ చిన్న పరీక్ష మీదే మరమ్మతు అంతా ఆధారపడుతుంది, ఎందుకంటే ఎ.బి.ఎస్.ను తగిన జిగురుతో అతకవచ్చు, పాలిథీన్‌కు ఏ జిగురూ నమ్మకంగా అంటదు, వేడిగాలితో కరిగించి అదే జాతి ప్లాస్టిక్ కడ్డీని పోసి అతకవలసిందే. తుంపర సేద్యానికి వాడే హెచ్.డి.పి.ఇ. పైపులను వేడి చేసి అతికే పని తెలిసినవారు ఈ జిల్లాలో ఉన్నారు, పదార్థం ఒకటే కాబట్టి ఆ చేతి నేర్పు ఇక్కడ కూడా పనికొస్తుంది. బీట రెండు కొసల దగ్గరా ముందుగా చిన్న గుండ్రటి రంధ్రం తొలవాలి. వాడి కొస దగ్గర పోగుపడే లాగుడు గుండ్రటి అంచు మీద పంచుకోబడి బీట ముందుకు సాగకుండా ఆగుతుంది.

నీరు ఎక్కడ కారుతుందో వెతకటానికి బండిని చెరువులోకి తోయనక్కరలేదు, మే నెలలో అలాంటి చెరువు దొరకకపోవచ్చు కూడా. తొట్టిని దిమ్మెల మీద నిలిపి, లోపలే రెండు మూడు వందల లీటర్ల నీరు పోసి, బయట పొడిగా తుడిచి కాగితం అద్దుతూ పోతే తడిసిన చోటల్లా లోపం బయటపడుతుంది. అయితే సీలు పెదవులు ఒక దిక్కు నుంచి వచ్చే ఒత్తిడికే బాగా బిగుసుకునేలా తయారవుతాయి, అందువల్ల లోపలి నీటితో చేసే పరీక్ష బీటలను నిక్కచ్చిగా చూపినా సీళ్ల విషయంలో తుది మాట చెప్పలేదు; దానికి మోకాటి లోతు నిలవ నీటిలో దించి చూసే రెండో పరీక్ష ఉండాలి.

ఇరుసుల దగ్గర తొందరపడకూడదు. బండిని జాకీ మీద ఎత్తి ఒక్కో చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు వదులు చేతికి తెలుస్తుంది, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ చెవి ఒగ్గితే గరగర వినిపిస్తుంది. ఇరుసును బయటికి తీసి సీలు ఆనే చోట గోరు జరిపి చూడాలి. గోరు ఆగితే గాడి పడినట్టే. అంత మాత్రాన ఇరుసు పారేయనక్కరలేదు, ఆ భాగం మీద పల్చటి ఉక్కు తొడుగు ఎక్కించటమో, సీలును రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిపి నున్నటి చోట ఆనేలా కూర్చటమో చేయవచ్చు. కొత్త సీలు పెదవికి గ్రీజు పూయకుండా ఎక్కిస్తే అది పొడిగా రాసుకుని త్వరగా పాడవుతుంది.

చైన్ల సంగతి చూస్తే, చైను సాగిందని అందరూ అనటమే కానీ ఉక్కు పలకలు సాగవు, లంకెల మధ్య ఉన్న పిన్నులు అరగటం వల్ల ప్రతి లంకె దగ్గరా కొద్దికొద్దిగా దూరం పెరుగుతుంది. అయిదు ఎనిమిదవ వంతు అంగుళాల చైను కొత్తగా ఉన్నప్పుడు 16 లంకెలు కలిపి 254 మిల్లీమీటర్లు ఉంటాయి; బిగుతుగా లాగి కొలిస్తే 261 దాటిందంటే మూడు శాతం దగ్గరికి వచ్చిందని, మార్చే వేళయిందని అర్థం. కొత్త చైనును అరిగిన పళ్ల చక్రాల మీద వేస్తే పళ్ల అంతరానికీ చైను అంతరానికీ పొత్తు కుదరక, కొత్తది కూడా త్వరలోనే పాతదానితో సమానమవుతుంది, కాబట్టి రెండింటినీ కలిపే మార్చాలి.

దీనికి సంబంధించిన మరో సూక్ష్మం చాలామంది మెకానిక్కుల దృష్టికి రాదు. ఒక వైపు మూడు చక్రాలూ చైన్లతో కట్టి ఉండటం వల్ల అన్నీ ఒకే లెక్కన తిరగాలి. వాటిలో ఒక టైరు చుట్టుకొలత ఒక సెంటీమీటరు తక్కువైతే ప్రతి చుట్టుకూ ఆ సెంటీమీటరు తేడా ఎక్కడో జారి తీరాలి, మొరం మీద జారలేక ఆ బిగువంతా చైను మీద పడుతుంది. అందుచేత గాలి కొట్టాక ఒత్తిడి చూసి ఊరుకోకుండా, టేపుతో ప్రతి టైరు చుట్టుకొలత కొలిచి, ఒక వైపు మూడూ సమానమయ్యేలా గాలిని సర్దాలి. అంత తక్కువ ఒత్తిడిలో మామూలు గాలిమీటరు చూపే అంకెకన్నా టేపే నమ్మదగినది. సర్కారు తుమ్మ ముళ్లు అడుగడుగునా ఉండే ఈ నేలలో టైర్ల లోపల పంక్చరును పూడ్చే ద్రవం పోయటం కూడా అవసరమే.

గేరుపెట్టె నూనె పాల రంగులో ఉంటే నీరు చేరిందని అర్థం. అది ఎలా చేరిందో తెలిస్తేనే మళ్లీ చేరకుండా ఆపగలం. ఎండలో చాలాదూరం నడిచి 70 డిగ్రీలకు వేడెక్కిన గేరుపెట్టె, ఇరుసు గూళ్లు 27 డిగ్రీల నీటిలో మునిగితే లోపలి గాలి చల్లబడి దాని ఒత్తిడి దాదాపు ఎనిమిదో వంతు తగ్గుతుంది, ఆ లోటును పూడ్చటానికి బయటి నీటిని సీళ్ల సందుల గుండా పీలుస్తుంది. గేరుపెట్టెకు ఊపిరి గొట్టం ఉండి, దాని కొస తొట్టి అంచుకన్నా ఎత్తులో ఉంటే నీటికి బదులు గాలి వెళుతుంది. ఇరుసు గూళ్లలో ఖాళీ లేకుండా గ్రీజు నిండి ఉంటే పీల్చటానికి చోటే ఉండదు. ఎంత అవసరమున్నా నీటిలో దిగే ముందు ఒడ్డున పది నిమిషాలు బండిని ఆపి చల్లబడనివ్వటం వల్ల కలిగే లాభం ఏ ఖరీదైన సీలూ ఇవ్వలేదు.

నడిచిన గంటలు, నిలిచిన నెలలు

అనంతపురానికి దగ్గరలోని గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వానికి చెందిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది, దాని చిరునామాలోనే ట్రాక్టర్ నగర్ అన్న పేరు ఉంటుంది. ట్రాక్టరు సంరక్షణను నడిచిన గంటలను బట్టి లెక్కించే పద్ధతి రైతులకు బాగా అలవాటైనదే: ఇన్ని గంటలకు ఇంజను నూనె, ఇన్ని గంటలకు ఫిల్టరు అని. వరద కోసం ఉంచిన ఉభయచర బండికి ఈ లెక్క సగమే సరిపోతుంది. అది ఏడాదికి ఇరవై గంటలు కూడా నడవకపోవచ్చు, కానీ నిలిచి ఉన్న ఎనిమిది వేల పైచిలుకు గంటల్లో రబ్బరు ఎండుతూనే ఉంటుంది, పెట్రోలు బంక కడుతూనే ఉంటుంది, బేరింగు గుండ్లు ఒకే చోట ఆనుకుని గ్రీజును పక్కకు నెట్టి తుప్పుకు దారి ఇస్తూనే ఉంటాయి.

అందువల్ల వేసవి తప్ప మిగతా కాలమంతా నెలకొకసారి బండిని కదిలించాలి. దూరం ముఖ్యం కాదు, ఇంజను పూర్తిగా వేడెక్కి తన లోపలి తేమను ఆవిరి చేసుకునేదాకా, ప్రతి ఇరుసూ పదుల చుట్లు తిరిగి తన సీలుకు గ్రీజు పూసుకునేదాకా నడిపితే చాలు. వేసవి ముందు పెట్రోలు ట్యాంకునూ కార్బురేటర్‌నూ ఖాళీ చేసి, ఎలుకలు కొరకకుండా గాలి గొట్టం మూతి మూసి, బ్యాటరీని విడదీసి నీడలో పెట్టి, బండి బరువు టైర్ల మీద పడకుండా దిమ్మెల మీద ఎత్తి ఉంచాలి. ఆగస్టు చివరలో, అంటే పెద్ద వానలకు కొద్ది వారాల ముందు, నీటిని తట్టుకునే మెరైన్ గ్రీజును గ్రీజు గన్నుతో ప్రతి ఇరుసు గూటిలోకి పాతది మొత్తం బయటికి వచ్చి కొత్త రంగు కనిపించేదాకా ఎక్కించాలి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు, బయటికి వచ్చే పాత గ్రీజుతోనే స్ఫటికపు దుమ్ము కూడా వెళ్లిపోతుంది. గాలి ఫిల్టరును మాత్రం నెల లెక్క చూడకుండా, దుమ్ములో నడిచిన ప్రతిసారీ తీసి చూడాలి.

బండి నీటిలో ఎంత చేయగలదన్నది కూడా సంరక్షణలో భాగంగానే తెలిసి ఉండాలి. టైర్ల మీది గట్లు నీటిని వెనక్కి నెట్టటం వల్లనే అది ముందుకు పోతుంది, ఆ వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించదు, అంటే సెకనుకు మీటరుకు కాస్త ఎక్కువ. పొంగిన వంకలో నీరు సెకనుకు రెండు మూడు మీటర్ల వడితో పారుతుంది, నీటి వడి రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది, అలాంటి చోట తేలే బండి నీరు ఎటు పోతే అటే పోతుంది. 2021 నాటి చిత్రావతి లాంటి ప్రవాహంలోకి ఈ చిన్న బండిని దించటం సాహసం కూడా కాదు, ప్రాణాలతో చెలగాటమే. అక్కడ హెలికాప్టరుకూ ఒడ్డు నుంచి వేసే తాడుకూ బదులు లేదు. గండి పడిన చెరువు కింద నిలిచిన నీటిలో, నడుము లోతు మునిగిన కాలనీ వీధుల్లో, వంక తగ్గిన తర్వాత మిగిలిన బురదలో, ట్రాక్టరు దిగబడే రేగడి పొలాల్లో, పడవ వెళ్లలేని మోకాటి లోతు మడుగుల్లో మందులూ తిండీ ముసలివారినీ పసిపిల్లలనూ మోయటానికి అది సరైన వాహనం. ఎక్కే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి, తొట్టి అంచు నీటి గీతకన్నా జానెడు ఎత్తు మిగిలేంత బరువే ఎక్కించాలి.

తొట్టి అడుగున నీరు పోవటానికి ఉండే బిరడాల గురించి చెప్పవలసింది ఒకటి ఉంది. బండి షెడ్డులో ఉన్నంతకాలం వాటిని తీసే ఉంచాలి, లేకుంటే రాత్రి చల్లదనానికి ఇంజను మీదా తొట్టి గోడల మీదా పట్టిన చెమ్మ అడుగున చేరి చైన్లను తుప్పు పట్టిస్తుంది. నీటిలో దిగే ముందు మరిచిపోకుండా బిగించాలి, ఎందుకంటే సీళ్లన్నీ కొత్తవైనా ఈ ఒక్క మరపుతో బండి నిమిషాల్లో నిండిపోతుంది. రెండు జాగ్రత్తలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి కాబట్టి జ్ఞాపకశక్తిని నమ్ముకోకుండా, తీసిన బిరడాలను ఇంజను తాళంచెవికే దారంతో కట్టి ఉంచాలి, తాళంచెవి చేతికి వచ్చినప్పుడు అవి కూడా చేతికి వస్తాయి. తొట్టిలోకి ఎలాగైనా చేరిన నీటిని బయటికి తోసే బ్యాటరీ పంపును కూడా అప్పుడే ఒక బకెట్టు నీరు తొట్టిలో పోసి నడిపి చూడాలి. దాని జల్లెడ మూతిలో వేరుశనగ పొట్టు, ఎండుటాకులు ఇరుక్కుంటే పంపు తిరిగే చప్పుడు వినిపిస్తుంది కానీ గొట్టం నుంచి నీరు రాదు, అందువల్ల చప్పుడును విని తృప్తిపడక గొట్టం కొసను కంటితో చూసిన తర్వాతే బండిని ఒడ్డు నుంచి నీటిలోకి దించాలి.